ఉయ్యాల మీద ఎర్ర మరక

2022లో, వానలు మొదలైన రోజుల్లో జరిగింది ఇది. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల బజారు వెనక ఇరుకు సందుల్లో ఇంకా పాత మిద్దెలు ఉన్నాయి. కింద గదిలో నగలు చేసే పని, పైన సంసారం. అలాంటి ఒక ఇంట్లో నేను చేసిన పని ఇది. ఇన్నేళ్లలో ఎన్నో బీరువాలు, మంచాలు, డైనింగ్ టేబుళ్లు చూశాను. దేని ముందు కూర్చున్నా ఇంతగా భయపడలేదు.

నేను చెక్క సామాన్లకు పాలిష్ పెట్టే మనిషిని. పుట్టింది జమ్మలమడుగు, మెట్టింది ప్రొద్దుటూరు. నా భర్త వడ్రంగి. ఆయన కోసి బిగించినదానికి మెరుపు తెచ్చేది నేను. "ఆడమనిషికి పాలిష్ పనేంది సువార్తమ్మా" అని మొదట్లో నవ్వినవాళ్లే తర్వాత తర్వాత ఇళ్లకు పిలవడం మొదలుపెట్టారు. మంచం కోడు గీసుకుపోయిందని పడకగదిలోకి మగ పనివాణ్ని పిలవాలంటే ఇంట్లో మగవాళ్లు ఉండాలి. నేనైతే సంచి చంకన పెట్టుకుని వంటింటి గుండానే లోపలికి పోతాను. నోరు దురుసు గానీ చెయ్యి నెమ్మది అని నాకు పేరు. రెండూ నిజమే.

ఈ పని తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. చాలాసార్లు గీత పడేది పాలిష్ మీదే, చెక్కకు ఏమీ కాదు. గోరు ఆనించి అడ్డంగా లాగితే తెలుస్తుంది. గోరు తట్టుకుందంటే దెబ్బ చెక్కలోకి దిగినట్టు. అప్పుడు లప్పం పెట్టాలి, రంగు కలపాలి. చెక్క నార పొడుగునా పడిన గీతను దాచడం సులువు, అడ్డంగా పడినది మాత్రం ఎంత దాచినా వెలుతురులో పళ్లికిలిస్తుంది. జనం నాకు ఫోన్ చేసేసరికే ఏదో ఒకటి పూసేసి ఉంటారు. కొబ్బరినూనె, కాఫీ పొడి, బూట్ పాలిష్. ఒకావిడ కాటుక పూసింది. "దిష్టి తగలకుండానా?" అని అడిగితే ఆమెకు నా మీద కోపమొచ్చింది.

ఆ రోజు పొద్దున్నే ఫోన్ వచ్చింది. గొంతు గుసగుసగా ఉంది.

"అక్కా, నేను హరితను. ఇప్పుడే రాగలవా? గేటు కాడ బెల్లు కొట్టాకు. పాప నిద్రపోతాండాది."

"ఏమైందమ్మే? నిదానంగా చెప్పు."

"వచ్చినాక చెప్తా. మా అత్త రాజుపాలెం పోయింది, చుట్టాలను పిలిసేదానికి. మధ్యాన్నానికి వచ్చేస్తుంది. ఆలోపల రా అక్కా, నీకు పుణ్యముంటుంది."

హరిత నాకు తెలిసిన పిల్లే. పులివెందుల నుంచి ఆ బంగారు పనివాళ్ల ఇంటికి కోడలిగా వచ్చింది. పెళ్లయిన కొత్తలో వాళ్ల బీరువాకు పాలిష్ పెట్టింది నేనే. మొదటి కాన్పు నిలవలేదు. రెండోసారి నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. పిడికెడు పిల్ల. కడపలో ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో పెట్టి కాపాడారు. ఇంటికి తెచ్చి ఇంకా వారం కూడా కాలేదు. మర్నాడు పొద్దున పాపను ఉయ్యాలలో వేసే వేడుక ఉందని బజారులో అందరికీ తెలుసు.

నేను పోయేసరికి వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉంది. బాలింత, చెవులకు గుడ్డ కట్టుకుని, కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి లాక్కుపోయింది. చాప మీద ఆ ఇంటి ఉయ్యాల ఉంది. పాత టేకు, చుట్టూ సన్న కటకటాలు, తల వైపు పలకలో చిలకలు చెక్కారు. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా దాంట్లోనే పడుకుంది. "ఆ ఉయ్యాలకు ఏమన్నా అయితే బిడ్డకు అయినట్టే" అని ఆ ఇంటి చుట్టాలు అంటుంటే నేనే విన్నాను.

దగ్గరికి వంగి చూశాను. పాలిష్ తెల్లతెల్లగా మచ్చలు కట్టింది. జిగట జిగటగా ఉంది. గుడ్డ పీచులు అతుక్కుపోయి ఉన్నాయి. వాటిని వదిలించడానికి గిన్నెలు తోమే ఇనుప పీచుతో రుద్దినట్టుంది, కటకటాల నిండా అడ్డగీతలు.

"ఎవురు చేసినారమ్మే ఈ పని?"

"నేనే అక్కా. పాప తాకేదంతా శానిటైజర్‌తో తుడవమని ఆస్పత్రిలో చెప్పినారు. అటక మీదినించి దించినారు కదా, దుమ్ము, బల్లి పెంటికలు. అందుకని తుడిచినా. తుడిచేకొద్దీ జిగట వస్తాండాది. మురికనుకుని ఇంకా పోసి రుద్దినా."

నాకు విషయం అర్థమైంది. పాత సామాన్లకు వేసేది ఫ్రెంచ్ పాలిష్. లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పొర మీద పొర తాపుతారు. శానిటైజర్, స్పిరిట్ అక్కచెల్లెళ్లు. ఎండిన లక్క మీద శానిటైజర్ పోస్తే మళ్లీ కరిగి ఊడి వస్తుంది. ఆ పిల్ల బిడ్డను కాపాడుకుందామని తుడిచింది, ఉయ్యాల తోలు ఊడదీసింది.

"పోనీలే, ఏడవాకు. పాలిష్ పోతే పాలిష్ వస్తుంది. నీ మొగుడికి చెప్పినావా?"

"చెప్పల్యా. అది కాదక్కా. ఇది చూడు."

తల వైపు, కింది చట్రం చూపించింది. అక్కడ బొటనవేలంత మేర నల్లటి అతుకు. దాని అంచులు మెత్తబడి చెక్క మీదికి ఎర్రగా కారి ఉన్నాయి. ఆమె చేతిలో పాప తెల్లగుడ్డ ఉంది. దాని నిండా ఎర్ర మరకలు.

"రక్తం వచ్చింది అక్కా. పాప తల పెట్టే కాడ."

"కొయ్యలో రక్తమేంది? నీ తలకాయలో ఉండాది రక్తం" అని కసిరాను. కసిరాను గానీ నాకూ ఒళ్లు ఝల్లుమంది. ప్రభువా, ఇదేం పరీక్ష అనుకున్నాను.

మూలన మంచం మీద పాప నిద్రపోతోంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే హరిత లేచి పోయి పాప ముక్కు కింద వేలు పెట్టి చూసి వచ్చింది. ఊపిరి ఆడుతోందో లేదో అని. నేను అక్కడ ఉన్నంతసేపూ అదే పని. కూర్చోవడం, లేవడం, వేలు పెట్టి చూడడం.

ముందు తెలిసిన పని మొదలుపెట్టాను. మెలమైన్ లాంటి కొత్త పాలిష్‌లు గట్టిగా ఉంటాయి గానీ వాటి ఘాటు పోవడానికి రోజులు పడుతుంది. పసిబిడ్డ పడుకునేదానికి అది వద్దు. లక్క అయితే తొందరగా ఆరుతుంది, వాసన నిలవదు. పీచులను స్పిరిట్ గుడ్డతో లేపి తీశాను. అడ్డగీతలను సన్న సాండ్ పేపర్‌తో, మేము ఉప్పు కాగితం అంటాం, నార వెంబడి మెల్లగా అరగదీశాను. కిటికీలు రెండూ తెరిపించి, పాపను పక్క గదిలోకి మార్పించాను.

సందులో ఆటో చప్పుడైనప్పుడల్లా హరిత కిటికీ దగ్గరికి పరుగు. "అత్తనా?" అని తొంగి చూడడం, "కాదు" అని గుండె మీద చెయ్యి వేసుకోవడం. ఆ కంగారు అంటురోగం లాంటిది. కాసేపటికి నేనూ ఆటో చప్పుడుకు ఉలిక్కిపడడం మొదలైంది.

కటకటాలు ఒక దారికి వచ్చాయి. ఇక తప్పించుకోలేక ఆ ఎర్ర మచ్చ దగ్గరికి వచ్చాను. గోటితో గీరాను. చెక్క కాదు, ఎప్పుడో ఎవరో పెట్టిన పూడిక. లోతైన దెబ్బను నింపి, పైన పాలిష్ తాపి దాచేశారు. ఎవరో గానీ పనిమంతులే. శానిటైజర్ పడకపోయుంటే నేను కూడా కనిపెట్టలేకపోయేదాన్ని. కానీ ఆ ఎరుపు ఏమిటి? అక్కడే నా చెయ్యి ఆగిపోయింది.

ఎందుకంటే వెనకటి రోజుల్లో ఎరుపుకు సింధూరం కలిపేవాళ్లు. దాంట్లో సీసం ఉంటుంది, సీసం విషం. పెద్దవాళ్లకు అంతగా తెలియకపోవచ్చు, పసిపిల్లలకు మాత్రం ముప్పు. ఇంకో ఆరు నెలలు పోతే ఈ పాప ఆ చట్రం పట్టుకుని లేస్తుంది. పళ్లు వచ్చే పిల్లలు దొరికిన కొయ్యనల్లా కొరుకుతారు. నేను దాని మీద రెండు పొరలు తాపి మెరిపించి ఇస్తే ఎవరికీ తెలియదు. నాకు తెలుస్తుంది.

"హరితా, ఇది నేను మూయలేను."

"అట్లనాకు అక్కా. కొంచెం రంగు పూసి మూసెయ్. మా అత్త చూస్తే ఏమనుకుంటుంది? ముందే ఒక బిడ్డను పోగొట్టుకున్నదాన్ని. ఉయ్యాల నించి రక్తం కారిందంటే రేపు చుట్టాలంతా నా మొగమే చూస్తారు. అదీ పోనీ. నాకే భయంగా ఉండాది. నేనే పాపకు ఏదో చేసినట్టుండాది."

"అది విషమో కాదో తెలీకుండా మూసి, రేపు పాప నోట్లో పెట్టుకుంటే? అప్పుడేం జేస్తావు?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

ఒక సూదిని స్టవ్ మీద ఎర్రగా కాల్చి తెచ్చి ఆ పూడికలో గుచ్చాను. పొగ లేచింది. ఆ వాసన నేను నిద్రలో కూడా గుర్తుపడతాను, లక్క. సగం ఊపిరి వచ్చింది. కానీ లక్క దానంతట అది ఇంత ఎర్రగా, ఇంత గరుకుగా ఉండదు. ఎవరో ఏదో కలిపారు. ఏం కలిపారో కలిపినవాళ్లకే తెలియాలి. ఆ మాటే హరితతో చెప్పాను.

అంతలోనే కింద ఆటో ఆగింది. ఈసారి నిజంగా హరిత అత్త లక్ష్మీదేవమ్మే. మెట్ల మీద ఆమె గాజుల చప్పుడు. హరిత నా వైపు చూసింది. నేను పక్కనున్న దుప్పటి అందుకున్నాను, కప్పేద్దామని. మనిషి బుద్ధి అంతే కదా, నాకెందుకొచ్చిన గొడవ అనిపించింది. హరిత నా చేతిలోంచి దుప్పటి లాగేసింది. పక్క గదిలోకి పోయి పాపను ఎత్తుకుని వచ్చి, గుమ్మంలో నిలబడింది.

"అత్తా, ఈ ఉయ్యాలకు ఎర్రగా ఏమో పూసినారు. ఇది ఏంది? నీకేమన్నా తెలుసా? విషమేమో అని అక్క భయపడతాండాది. నేను శానిటైజర్ పోసి పాడు చేసినా. నన్ను ఏమన్నా అను. ముందు ఇది ఏందో చెప్పు."

లక్ష్మీదేవమ్మ చేతిలో పూల పొట్లం ఉంది. ఆమె ఆ ఇంటి పెద్ద. బజారులో ఆమె మాటంటే మగవాళ్లు కూడా తగ్గుతారు. ఉయ్యాల వైపు చూసింది, ఎర్ర మరకల గుడ్డ వైపు చూసింది. ఇప్పుడు పడతాయి అక్షింతలు అని నేను తల వంచుకున్నాను. ఆమె పూల పొట్లం కింద పెట్టింది. తలుపు మూసి గడియ పెట్టింది. వచ్చి చాప మీద కూర్చుని ఆ పూడిక మీద వేలు పెట్టింది.

"ఇటుక పొడి" అంది. "లక్కలో ఇటుక పొడి. విషం కాదు, ఏం కాదు."

మాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది.

"మీ మామ పనిబల్ల మీద ఉండే లక్క. నగ కదలకుండా అదిమి పట్టేదానికి ఇటుక పొడి కలిపి కాచి పెట్టుకుంటారు చూడు, అదే. దొంగతనంగా తెచ్చి నేనే పూడ్చినా. ఉప్పు కాగితంతో రుద్ది, ఆయన పాలిష్ బుడ్డి తీసి తాపినా."

"ఎందుకత్తా?"

"ఉయ్యాల పడింది హరితా. బిడ్డ లోపలుండంగానే పడింది. నేను వంటింట్లో ఉండా. తల పక్క కొక్కెం జారి, టపామని గడప మీద పడింది. ఆ దెబ్బే ఇది. నేను పరిగెత్తి వచ్చేతలికి బిడ్డ సప్పుడు లేదు. సచ్చినా అనుకున్నా. కాసేపటికి కెవ్వుమని ఏడిసినాడు. ఒక్క గాయం ల్యా. మా అత్త గుడికి పోయింది. ఆయమ్మకు తెలిస్తే నన్ను పుట్టింటికి పంపిస్తుందని, ఆయమ్మ వచ్చేలోపల పూడ్చేసినా. ఇంతవరకు ఎవురికీ చెప్పల్యా. మీ మామకు కూడా. ఆయన చచ్చిపోయినాడు, ఆయనకీ తెలీదు."

హరిత నోరు తెరిచి వింటోంది. "ఏ బిడ్డ అత్తా?"

"ఏ బిడ్డేంది? నీ మొగుడే! ఆ పొద్దు పడినోడే, ఈ పొద్దు మూడు పూటలా సంగటి ముద్దలు మింగుతాండాడు. వానికి ఏమైంది?"

నాకు నవ్వు ఆగలేదు. హరితకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. లక్ష్మీదేవమ్మ మాత్రం నవ్వలేదు. కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. "నేనే సరిగా తగిలించల్యా. నా చెయ్యే పాపిష్టిది. అందుకే నా మనవరాలిని ఎత్తుకోవాలన్నా నాకు భయమే" అంది. ఆమె పాపను సరిగా ఎత్తుకోదని, ఆడపిల్ల అని చిన్నచూపేమో అని హరిత లోలోపల కుమిలిపోతోందట. ఆ సంగతి తర్వాత నాకు చెప్పింది.

పాత పూడిక తీసేశాను. లక్ష్మీదేవమ్మ కింది పనిగదిలోంచి ఈసారి బాహాటంగా లక్క ముద్ద తెచ్చింది, కొడుకు చూస్తుండగానే. "ఎందుకమ్మా?" అంటే "నీ తలకాయకు" అని వచ్చేసింది. ఆమె లక్కను వేడి చేసి పోస్తే నేను అదిమాను. సాయంత్రానికి పాలిష్ పొరలు ఎక్కాయి. దగ్గరగా చూస్తే అతుకు తెలుస్తుంది. నా పనికి అది లోపమే గానీ, ఈసారి దాన్ని దాచమని వాళ్లిద్దరూ అడగలేదు, నేనూ ఊరుకున్నాను.

మర్నాడు చుట్టాలు రాకముందే రమ్మన్నారు. మెరుపు ఎలా ఉందో చూసుకుందామని నేనూ పోయాను. దూలానికి ఉయ్యాల వేలాడదీశారు. మా వైపు బిడ్డను ఉయ్యాలలో వేసే ముందు పసుపు రాసిన పొత్రం, నూరుకునే రాయి, అందులో పడుకోబెట్టి ఊపుతారు. బిడ్డ రాయిలా గట్టిగా ఉండాలని అంటారు. లక్ష్మీదేవమ్మ ఆ రాయి తెచ్చి పెట్టింది. ఒక ఊపు ఊపింది. పైన కిర్రుమని చప్పుడు. ఇంకో ఊపుకు మళ్లీ కిర్రు. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"సువార్తమ్మా, నువ్వు చూడు. నాకు ఎక్కాలంటే కాళ్లు రాల్యా."

స్టూలు వేసుకుని ఎక్కాను. గొలుసుకూ దూలానికి ఉన్న కడియానికీ మధ్య తల వైపు ఇనుప కొక్కెం. తరతరాలుగా ఊగి ఊగి గొలుసు రాసుకునే చోట సగం అరిగిపోయి ఉంది. నోరు విచ్చుకుని ఉంది. ఎంత సరిగా తగిలించినా, ఊపు కాస్త ఎక్కువైతే గొలుసు జారిపోతుంది. ఉయ్యాల దింపించి కొక్కెం తీసి ఆమె అరచేతిలో పెట్టాను.

"అక్కా, నీ చెయ్యి కాదు. ఇది."

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇన్నేళ్ల భారం దిగిపోయి సంతోషిస్తుందనుకున్నాను. కానీ ఆమె దాన్ని పిడికిట్లో బిగించి పట్టుకుంది.

"ఆ పొద్దే నేను నోరు తెరిచి చెప్పింటే, ఆ పొద్దే దీన్ని మార్చి ఉందురు. దెబ్బ పూడ్చినా, కొక్కేన్ని అట్లే ఉంచినా. దీనికిందనే ఇంతమంది బిడ్డలను పండబెట్టినారే, నాయనా! ఈ పొద్దు ఈ పాపను..."

మాట పూర్తి చేయలేదు. హరిత పాపను తెచ్చి ఆమె ఒడిలో పెట్టింది. లక్ష్మీదేవమ్మ ఈసారి వెనక్కి జరగలేదు. పాపను గుండెకు అదుముకుని పెద్దగా ఏడ్చింది. కింద చుట్టాలు వస్తున్న సందడి వినబడుతున్నా ఆపుకోలేదు.

కొత్త కొక్కేలు తెప్పించారు. రెండు వైపులవీ మార్చారు. నా భర్తను పిలిపించి గొలుసులు, కీళ్లు అన్నీ చూపించాకే వేడుక మొదలైంది. ముహూర్తం దాటిపోతోందని చుట్టాల్లో ఒక పెద్దాయన గొణిగితే "ముహూర్తం ఊగుతుందా, బిడ్డ ఊగుతుందా?" అని లక్ష్మీదేవమ్మ ఒక్క కసురు కసిరింది. పాపను పడుకోబెట్టే ముందు హరిత ఆ అతుకు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. పైకి, కొక్కేల వైపే చూసింది.

నా బతుకంతా గీతలు దాచే పనే. ఎంత బాగా దాస్తే అంత పేరు. ఆ ఇంటి నుంచి వచ్చాక నాకు నా పని మీదే కొన్నాళ్లు భయం పట్టుకుంది. ఆ మొదటి పూడిక అంత బాగా కుదరకపోయి ఉంటే, ఎవరో ఒకరు చూసి "ఇదేంది?" అని అడిగి ఉండేవాళ్లు కదా. అడిగి ఉంటే కొక్కెం సంగతి అప్పుడే బయటపడేది.

ఇప్పుడు ఎవరింటికి పోయినా ముందు కుర్చీని ఊపి చూస్తాను, మంచం కీళ్లు పట్టి లాగి చూస్తాను. "గీతకు పిలిస్తే కాళ్లు పట్టుకుంటావేంది సువార్తమ్మా" అని నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. నోటి దురుసు ఎటూ ఉంది. ఆ గీత ఎట్లా పడిందో నాకు చెప్పందే పాలిష్ డబ్బా మూత తియ్యను.